లైసెన్సు – బాధ్యత

మహాభారతం ఆదిపర్వంలో కచుని కథ ఉంది. మృతసంజీవని విద్యను అభ్యసించడానికి శుక్రాచార్యుని ఆశ్రయించిన కచుని రాక్షసులు చంపి, దహించి, ఆ బూడిదను మద్యంలో కలిపి ఆచార్యుని చేతనే తాగించారు. మృతులను బ్రతికించగల మహాజ్ఞాని తాను తాగుతున్నదేమిటో గుర్తించలేకపోయాడు. నిజం తెలిసిన పిమ్మట ఆయన పశ్చాత్తాపంతో సరిపెట్టుకోక, సురాపానాన్ని నిషేధిస్తూ కట్టుబాటు చేశాడు. అంతటివాని వివేకాన్నే హరించిన మద్యం సామాన్య వాహన చోదకుని విడిచిపెడుతుందా?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,000 మందికి పైగా బలయ్యారు. వీరందరి మరణానికీ మద్యమే కారణం కాదు. అయితే ఇంటి నుండి బయలుదేరక ముందే నివారించదగిన కారణాలలో ఇది ముఖ్యమైనది.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షను ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్న వ్యక్తి వాహనం నడపడం నేరం. మొదటిసారి పట్టుబడినవారికి తొలుత 2,000 రూపాయల వరకు ఉన్న జరిమానాను 2019 నాటి సవరణ 10,000 రూపాయలకు పెంచింది. ఆరు నెలల వరకు కారాగార శిక్ష కూడా విధించవచ్చు. అయినప్పటికీ ధనవంతునికి జరిమానా ఒక అదనపు ఖర్చు మాత్రమే. లైసెన్సును కోల్పోవడం అట్టిది కాదు. డబ్బుతో పూడ్చుకోలేని ఆ లోటు ప్రతి ఉదయం తప్పును గుర్తుచేస్తుంది. అందుచేతనే 2015లో సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా సంఘం, తాగి నడిపినవారి లైసెన్సును కనీసం మూడు నెలలు నిలిపివేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఆటో, లారీ నడిపి జీవించేవారి పొట్టకొట్టడం న్యాయమా అని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చరాదు. మూడు నెలలు సంపాదన లేకపోతే ఆ ఇంట పొయ్యి వెలగదు. కాని ఆ చోదకుని నమ్మి ఎక్కిన ప్రయాణికునికీ, రోడ్డు దాటుతున్న కూలికీ ఇల్లు ఉంది, ఎదురుచూసే పిల్లలున్నారు. మూడు నెలల తరువాత లైసెన్సు తిరిగి వస్తుంది. పోయిన ప్రాణం తిరిగి రాదు. ఆ గడువులో చోదకునికి శిక్షణ, మద్యం అలవాటు మానడానికి చికిత్స అందించడం ప్రభుత్వ ధర్మం.

శిక్ష కాగితానికే పరిమితమైతే ప్రయోజనం శూన్యం. లైసెన్సు నిలిపివేసిన తరువాత కూడా బండి తీయగలిగిన చోట చట్టం నవ్వులపాలవుతుంది. పెద్దవారి పలుకుబడికి లొంగని నిత్య తనిఖీయే దానికి బలం.

లైసెన్సు జన్మహక్కు కాదు. సమాజం నమ్మి అప్పగించిన బాధ్యత. ఆ నమ్మకాన్ని వమ్ముచేసినవాని నుండి దానిని కొంతకాలం వెనుకకు తీసుకోవడం కక్ష కాదు, రక్షణ. వాహనం నడపనున్న మిత్రుడు మద్యం తాగినప్పుడు తాళం చెవి తీసి దాచే యువకుడు, ఏ న్యాయస్థానమూ చేయలేని మేలు చేసినవాడవుతాడు.