నాలుగేండ్లు, నాలుగు నెలలు, నాలుగు రోజులు

చాగలమర్రి బస్టాండులో మూడేండ్లు నిండని ఒక పసివాడు, వచ్చే బస్సుల బోర్డులు చూచి "కడప", "నంద్యాల" అని చెప్పుతూ వుంటే చుట్టూ చేరినవారు అబ్బురపడడం మేము చూచాము. వానికి అక్షరాలు రావు. బోర్డు రూపమే వానికి గురుతు. అయినా తండ్రి మురిసిపోయి మమ్మల్ని అడిగిన మాట ఇది: "సార్, వీణ్ణి ఈ జూన్‌లోనే బడిలో వేద్దామా, ఇంట్లోనే చెప్పించుకుందామా?"

ఈ ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. మన యిండ్లలో బిడ్డకు నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన తరువాతనే బిస్మిల్లా చదివించేవారు. అది ధర్మవిధి కాదు, ఆచారం మాత్రమే. హిందూ సోదరులు ఐదవ యేట అక్షరాభ్యాసం జరిపించే సంప్రదాయం కూడా దీనికి దగ్గరిదే. బిడ్డ ఎంత చురుకైనవాడైనా పెద్దలు ఆ గడువును ముందుకు జరపలేదు. ఆ లోపల బిడ్డ ఏమీ నేర్వడం లేదని వారు భ్రమపడనూ లేదు.

ఇంటి చదువును సమర్థించేవారు హైదరాబాదుకు చెందిన నైనా జైస్వాల్‌ను, ఆమె తమ్ముడు అగస్త్యను ఉదాహరిస్తారు. తల్లిదండ్రుల శిక్షణలో ఇంటివద్దనే చదివి అక్క ఎనిమిదేండ్లకు, తమ్ముడు తొమ్మిదేండ్లకు పదవ తరగతి గట్టెక్కిన మాట నిజమే. గాని పత్రికలో ఆ వార్త చదివినవారు బిడ్డల వయస్సును లెక్కపెట్టినారే గాని, ఆ తల్లిదండ్రులు వెచ్చించిన గంటలను లెక్కపెట్టలేదు. ఇంటి పెద్ద కువైటులోనో, పొలంలోనో, అంగడిలోనో వుండగా ఇంటి చాకిరీ అంతా ఒంటిచేతిమీద మోసే తల్లిని "నీవే గురువువు కమ్ము" అనడం సులభం. ఆమెకు తీరిక ఏదీ? తీరిక లేనినాడు బిడ్డ చేతికి సెల్‌ఫోన్ వస్తుంది. దానిని ఇంటి చదువు అనడానికి మాకు మనస్కరించదు.

అయితే బడి మేలా? మాకు బాగా తెలిసిన ఒక ఇంట రెండున్నరేండ్ల పాప వుండేది. దాదీతో ఉర్దూలోను, పక్కింటి అవ్వతో తెలుగులోను గలగల మాట్లాడేది. ఎవరితో ఏ భాషో ఎన్నడూ పొరబడలేదు. ఇంత తెలివిగల పిల్లను ఇంట కూర్చోబెట్టడం పాపమని అందరూ అనగా ఒక ఇంగ్లీషు బడిలో చేర్చినారు. అక్కడ ఆ రెండు భాషలూ నిషిద్ధం. మూడు నెలలకు పాప రంగుల పేర్లు ఇంగ్లీషులో అప్పజెప్పింది. ఇంట్లో మాత్రం నోరు విప్పడం మానింది. దాదీ కథ మొదలుపెడితే లేచిపోయేది. బంధువులు ఆ రంగుల పేర్లు విని చప్పట్లు కొట్టినారు. ముసలామె మాత్రం, "బిడ్డ నాకు దూరమైపోయింది" అని మాతో అన్నది. ఆ యింట నష్టాన్ని సరిగా గుర్తించినది ఆమె ఒక్కతే.

మరియా మాంటిస్సోరి 1907లో రోములో తన మొదటి శిశుగృహాన్ని తెరచినది ధనికుల బిడ్డలకోసం కాదు. పనికిపోయే పేద తల్లిదండ్రుల బిడ్డలకోసం. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే వుండి వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినారు. నేడు ఆ పేరు ఎన్నో బడుల బోర్డులమీద వున్నది. వాటిలో ఎన్నింటి లోపల ఆమె పద్ధతి వున్నదో తల్లిదండ్రులే చూచుకోవాలి. ఆమె మొదటి ఉద్దేశానికి మన వీధిలోని అంగన్‌వాడీయే దగ్గరిదని మా అభిప్రాయం. 1975లో మొదలైన ఆ పథకాన్ని మనలో కొందరు గుడ్లూ పాలూ ఇచ్చేచోటుగానే చూస్తున్నారు. బిడ్డ తోటిపిల్లలతో కలిసి ఆడేది, పాడేది, తన వంతుకోసం ఆగడం నేర్చేది అక్కడనే. చురుకైన బిడ్డకు ఈ చివరిది మరీ అవసరం!

కనుక ఆ తండ్రితో మేమన్నది: పూట అంగన్‌వాడీ, సాయంత్రం దాదీ, పలక బలపం మాత్రం ఐదవ యేట. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో చేర్చుకొనేందుకు బిడ్డను పరీక్షించరాదన్నది. 2020 జాతీయ విద్యావిధానం ఒకటవ తరగతికి ఆరేండ్లు నిండాలన్నది. పందెమే లేనిచోట బిడ్డను పరుగెత్తించడమెందుకు?

ఆయన మరొకటి అడిగినారు. దాదీకి కథలు అయిపోతే ఏమి చదివి వినిపించాలి? దీనికి మా దగ్గర జవాబు లేకపోయింది. మన కళాశాల గ్రంథాలయంలో పరీక్షల గైడ్లకు అలమరాలున్నవి గాని పసివారికి చదివి వినిపించదగిన ఉర్దూ, తెలుగు బొమ్మల పుస్తకం ఒక్కటీ లేదు. కమిటీవారు ఈ యేడు ఒక్క అర అందుకు కేటాయించవలెనని కోరుతున్నాము. వాటిని విద్యార్థినీ విద్యార్థులే తమ తమ ఇండ్లకు, చిన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ తీసికొనిపోతారు. పుస్తకాలు చిరిగి వస్తే కోప్పడవద్దని గ్రంథపాలకులకు మా మనవి.