మెరుపు కాదు, మ్రోత ముఖ్యం

మెరిసేదంతా మేలైనదనుకోవడం లోకసహజం. మన గుంటూరు సీమలో పెండ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళాన్ని చూచినా, మొదట వాద్యాల మెరుపునే గమనిస్తాం. మ్రోతను తరువాత వింటాం. డ్రమ్ములకు తోడుగా మ్రోగే ఆ జంట పళ్ళేలను తెలుగులో తాళాలంటాం, ఉర్దూలో ఝాంజ్ అంటాం. వానిపై నల్లని మరకలు కనబడితే చాలు, పెదవి విరుస్తాం. ఈ తీర్పు న్యాయం కాదని మా అభిప్రాయం.

మేమూ ఒకప్పుడు ఈ పొరపాటే చేశాం. వార్షికోత్సవానికి ముందు మా బృందపు చవుక తాళాలను ఇటుకపొడితో తోమి, రాత్రంతా చింతపండు పులుసులో నానవేశాం. తెల్లవారేసరికి పసిమివన్నె పోయి ఎర్రబారాయి, ఒంటినిండా గీతలు! ఇత్తడి రాగి, తుత్తునాగాల మిశ్రమం. పులుపులో ఎక్కువసేపు నానితే పైపొరలోని తుత్తునాగం కరిగి, రాగి ఎరుపు బయటపడుతుంది. మన ఇండ్లలో పెద్దలు చింతపండు రుద్దిన వెంటనే ఎందుకు కడిగేస్తారో మాకప్పుడు బోధపడింది.

మేలురకం తాళాలు కంచువి. సాధారణంగా నూటికి 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం. చవుకవి తరచుగా ఇత్తడివి. ఎంత తోమినా ఇత్తడి కంచు కాదు; కొద్దిపాటి మరకవల్ల దాని మ్రోతా పోదు. అంచున పడిన పగులే అసలు వ్యాధి.

కనుక ముందుగా గోరువెచ్చని సబ్బునీటిలో మెత్తని గుడ్డను ముంచి, తాళంపైని సన్నని వలయాల వెంబడి తుడవాలి. మొండి మరకకు చింతపండు గుజ్జు ఒకటి రెండు నిమిషాలు చాలు. పిమ్మట మంచినీటితో కడిగి, తడి లేకుండా ఆరబెట్టాలి. పైన మెరుగుపూత ఉన్నవానికి సబ్బునీరే మేలు. గాఢమైన ఆమ్లాలు, ఇనుపపీచు దరిచేరనీయరాదు. వాయించిన ప్రతిసారీ చేతి చెమటను తుడిచివేస్తే సగం మరకలు పుట్టనే పుట్టవు.

ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా నాదస్వరానికి 1977లో పద్మశ్రీ లభించింది. అట్టి నాదస్వర కచేరీలలోనూ డోలు ప్రక్కన లయను నిలిపేది చిన్న తాళమే. చిన్నదని, చవుకదని ఏ వాద్యాన్నీ తేలిక చేయరాదు.

ముహూర్తాల రోజుల్లో ఎండలో, దుమ్ములో, చెమటచేతులతో నడిచే బ్యాండువారికి ఆ మరకపడిన జతే జీవనాధారం. మెరుపు తగ్గిందని వారి కూలి తగ్గించకండి. బేరమాడే ముందు ఒక్కసారి వాయించమని అడగండి. కండ్లతో కాక చెవులతో తీర్పు చెప్పండి.