పాము పెట్టెలో వెచ్చదనం ఎంత?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. మా అబ్బాయి ఏడాదిగా గాజుపెట్టెలో బాల్ పైథాన్‌ను పెంచుతున్నాడు. చలి మొదలయ్యాక అది తిన్న ఎలుకను మూడో రోజున కక్కేసింది. ఇంట్లో హీటర్ ఉంది కదా, అది చాలదా?
- ఓ పాఠకురాలు, డాలస్

జవాబు: చాలదండీ. మనలా పాము తన ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. వెచ్చని చోటికి పాకి వేడి తెచ్చుకుంటుంది, ఎక్కువైతే చల్లని చోటికి తప్పుకుంటుంది. వేడి చాలకపోతే తిన్నది అరగదు. అరగని ఎలుక కడుపులోనే కుళ్లిపోతుంది కాబట్టి కక్కేస్తుంది. మీ పాము విషయంలోనూ ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

బాల్ పైథాన్ స్వస్థలం పశ్చిమ, మధ్య ఆఫ్రికా. దానికి పెట్టెలో ఒక కొస 88-92 డిగ్రీల ఫారెన్‌హీట్ (31-33 సెల్సియస్), రెండో కొస 76-80 (24-27 సెల్సియస్) ఉండాలి. రాత్రిళ్లు కూడా 75కి తగ్గనివ్వకండి. రెండు కొసల్లోనూ దాక్కోవడానికి గూళ్లు పెట్టండి. ఒక్కటే గూడు ఉంటే చలైనా, వేడైనా బెదురుకొద్దీ అందులోనే ఉండిపోతుంది.

పెట్టె కింద హీట్ మ్యాట్ వాడుతుంటే థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేకపోతే మ్యాట్ విపరీతంగా వేడెక్కుతుంది. పాము మాత్రం దానిమీదే పడుకుని పొట్ట కాల్చుకుంటుంది. కరెంటుతో వేడెక్కే రాళ్లు అసలొద్దు. బల్బు వాడితే చుట్టూ జాలీ ఉండాలి. గోడకు అంటించే గుండ్రటి థర్మామీటరు గాజు దగ్గరి గాలినే కొలుస్తుంది. డిజిటల్ థర్మామీటరు తీగను పాము పడుకునే చోట, నేలకు ఆనించి చూడండి.

టెక్సాస్‌లో 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. అలాంటప్పుడు గాలి ఆడే సందు వదిలి పెట్టెకు దుప్పట్లు చుట్టండి. వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి బయటివైపు ఆనించండి. కరెంటు వచ్చి, పెట్టె మళ్లీ వెచ్చబడేదాకా తిండి పెట్టొద్దు.

ఇప్పుడు చేయాల్సింది: ముందు వేడి సరిచేయండి. నీళ్లు అందుబాటులో ఉంచండి. కనీసం పది రోజులు, వీలైతే రెండు వారాలు ఆగి, మామూలుకన్నా చిన్న ఎలుకను పెట్టండి. తిన్నాక రెండు రోజులు చేతుల్లోకి తీసుకోవద్దని బాబుకు చెప్పండి. మళ్లీ కక్కినా, ఊపిరిలో ఈల శబ్దం వచ్చినా, నోట్లో నురగ కనిపించినా ఆలస్యం చేయకుండా సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక్కడి పాఠకులకు ఓ మాట. మన పాముల్ని పట్టి ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ సరదా పెట్టుకోకండి.