దెబ్బ తగిలిన కంటికి లేజరు మంత్రం కాదు

దివిసీమలో గేదె కొమ్ము తగిలినా, గుడివాడ షెడ్డులో ఇనుపముక్క గుచ్చుకున్నా, బందరు రోల్డ్‌గోల్డ్ పనిలో తీగముక్క ఎగిరిపడినా కంటిలో శుక్లం ఏర్పడవచ్చు. అటువంటి వారికి "లేజరుతో చేస్తే పూర్వపు చూపు వస్తుంది" అని ఆశపెట్టడం అన్యాయం.

ఫెమ్టోసెకండ్ లేజరు కటకపు పొరను గుండ్రంగా కోస్తుంది, శుక్లాన్ని ముక్కలు చేస్తుంది. తెగిన తంతువులను అతకదు, చెదిరిన రెటీనాను బాగుచేయదు. నల్లగుడ్డుపై దట్టమైన మచ్చ ఉంటే దాని కిరణమే సరిగా లోపలికి పోదు. తంతువులు సడలిన కొన్ని కళ్లలో మేలు చేయవచ్చు. అది పరీక్షించి చెప్పవలసిన మాట, ప్రకటనలో చెప్పేది కాదు. మామూలు శుక్లాలపై 2020లో లాన్సెట్ ప్రచురించిన ఫ్రాన్సు అధ్యయనంలో సైతం లేజరు ఫేకో కన్నా మెరుగని తేలలేదు.

కనుక పొలం తాకట్టు పెట్టే ముందు అడగండి: రెటీనా కనబడకపోతే స్కాన్ తీశారా? కంటి ఒత్తిడి ఎంత? తంతువులు గట్టిగా ఉన్నాయా? అన్నిటికన్నా ముందు, దెబ్బ తగిలిన నాడు పసరు పోయకండి, కన్ను నలపకండి; ఆ రోజే నేత్రవైద్యునికి చూపించండి.