రెప్పలార్పితేనే బతికున్నట్టా?

యాసిడ్ దాడిలో ముఖం, కళ్ళు దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్ 2023లో బ్యాంకు ఖాతా కోసం వెళితే, బతికున్నట్టు రుజువుగా కెమెరా ముందు రెప్పలార్పమన్నారు. ఆర్పలేకపోయింది. సుప్రీంకోర్టుకెక్కింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమనీ, రెప్పలార్పడానికి బదులు వేరే రుజువులూ ఒప్పుకోవాలనీ 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పిచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చినా, ఇంతమాత్రానికి కోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది!

మరి మన సంఘాలో? కరపత్రాన్ని ఫొటో తీసి వెబ్‌సైట్‌లో పెట్టేస్తాం. చూపులేని స్త్రీకి ఆమె ఫోన్ అక్షరాలనైతే చదివి వినిపిస్తుంది. వివరణ రాయని ఫొటో దగ్గర చాలాసార్లు ‘ఇమేజ్’ అని ఊరుకుంటుంది. హెల్ప్‌లైన్ నంబరు ఆ ఫొటోలోనే ఉంటుంది. దాన్ని ఆమె ఎవరిచేత చదివించుకోవాలి, కొట్టే మొగుడిచేతనా? ఆ నంబరు టైపు చెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టదు.