కారుకు సీటు కవర్లు ముఖ్యమా, మంటలార్పే సిలిండరు ముఖ్యమా?

సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే హైదరాబాదు - విజయవాడ రహదారి మీద కిరాయి కార్లకు కొదవ లేదు. పెళ్ళికో, పట్నం ఆసుపత్రికో బయలుదేరిన పల్లె జనం కిరాయి ఎంతని అడుగుతారు, ఏ.సి. పని చేస్తుందా అని అడుగుతారు. మంటలార్పే సిలిండరు ఉందా అని అడిగేవారు అరుదు.

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బస్సు తగులబడి 45 మంది ప్రాణాలు కోల్పోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపాన చిన్నటేకూరు వద్ద మరో బస్సు దగ్ధమైంది. అంతటి మంటను చిన్న సిలిండరు ఆపలేదన్నది నిజమే. కాని కారులో నిప్పు తరచు వైరు కాలిన వాసనతో, బానెట్ సందులోని పొగతో మొదలవుతుంది. ఆ మొదటి నిమిషంలోనే దానితో పని.

ఎడమ కాలువ కింది మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో కోతల కాలం వస్తే రోడ్ల మీద గడ్డి పరచడం మామూలే. ఆ గడ్డి కారు అడుగున చుట్టుకొని వేడి సైలెన్సరుకు తగిలితే అంటుకోగలదు.

కారుకు ఏ.బి.సి. పొడి రకం, కిలో సిలిండరు చాలు. సీటు గుడ్డ కాలినా, పెట్రోలు మండినా, వైర్లు అంటుకున్నా అదే పనికి వస్తుంది. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే పెట్రోలు పైకి తేలి మరింత పాకుతుంది. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర, తయారైన తేదీ చూసుకోవాలి. మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలోనే ఉండాలి. మీటరు లేని చవక డబ్బాలో ఒత్తిడి ఉన్నదో పోయినదో తెలిసేదెట్లా?

కొన్నవారు కూడా దానిని డిక్కీలో, స్టెప్నీ పక్కన, సంచుల కింద పడవేస్తున్నారు. మంట లేచాక సంచులు తీసేదెవరు? వేలకు వేలు పోసి సీటు కవర్లు కుట్టించేవారికి డ్రైవరు చేతికందే చోట ఒక పట్టీ బిగించడం బరువా? వదులుగా పెట్టినా ముప్పే. దొర్లి బ్రేకు కిందికి పోగలదు.

కిలో సిలిండరు పొడి సుమారు పది సెకండ్లలో అయిపోతుంది. ముందు మనుషులను దించాలి. పిన్ను లాగి, మంట మొదలు వైపు కొట్టాలి. బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట ఎగుస్తుంది. బ్యాటరీ కారులో బ్యాటరీయే అంటుకుంటే ఈ పొడి ఆపదు, దూరం పోయి 101కు ఫోను చేయడమే.

ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో అధికారులు టాక్సీ అడ్డాలకు వచ్చి, ఒక్కొక్క డ్రైవరు చేత ఒకసారి పిన్ను లాగించాలి. గడువు తీరిన పాత సిలిండర్లు అందుకు సరిపోతాయి.