చూడని చిత్రమునకు సాక్ష్యమేల?



క్రొత్త సినిమా విడుదలయైన దినమున మన పల్లెలలో జరుగు సంభాషణను కొంచెము చెవియొగ్గి వినుడి. టీ బడ్డీయొద్దను, బస్సు దిగు చోటను, కళ్లముమీదను, ఆరాధన ముగిసి జనులు చెప్పులు వెదకుకొను వేళ గుడి వాకిటను గూడ అదే మాట. “ఎట్లుందిరా బొమ్మ?” అని ఒకడడుగును. “అదిరింది” అని ఒకడును, “పోయింది” అని మరియొకడును వెంటనే బదులిత్తురు. ఈ ఇద్దరిలో ఆ బొమ్మను చూచినవాడెవడని విచారించినయెడల, ఇద్దరును చూడలేదని తేలుట అరుదు కాదు. ఒకడు ఫోనులో ఎవరో అన్న మాట వినెను. రెండవవాడు, అది తన కథానాయకుని చిత్రము గనుక బాగుండక తప్పదని ముందే నిశ్చయించుకొనెను.

ఇది చిన్న విషయమని పలువురు తలంచుచున్నారు. కాదని చెప్పుటకే ఈ వ్యాసము. సినిమా చూడవచ్చునా, చూడరాదా అను పాత తగవును నేనిక్కడ ఎత్తుటలేదు. చూచువారు చూచుచునే యున్నారు. చూచిన తరువాత, లేక చూడకయే, మనము ఒకరితో ఒకరము చెప్పుకొను మాటను గూర్చియే నా వాదము. ఒక చిత్రము మంచిదనియో చెడ్డదనియో పొరుగువానితో చెప్పుట సాక్ష్యము పలుకుటయే. ఆ మాట నమ్మి అతడు తన కూలి డబ్బు చెల్లించును, పిల్లలను వెంటబెట్టుకొని పోవును, లేదా పోవుట మానుకొనును. చూడనిదానిని చూచినట్లు చెప్పువాడు, పొలము గట్టు తగవులో చెప్పినను సినిమా విషయములో చెప్పినను, అబద్ధ సాక్షియే.

మన తెలుగులో మొదటి మాటలాడు చిత్రమైన భక్త ప్రహ్లాద 1932లో వచ్చెను. ఆ తరువాత చాలకాలము పల్లెవారికి సినిమా యనగా డేరాలో ఆడు టూరింగు టాకీసే. నేల టిక్కెట్టువాడు ముందు కూర్చుండెను, బెంచి టిక్కెట్టువాడు వెనుక కూర్చుండెను. ఆట చూచి వచ్చినవాడు మరునాడు కోతచేనిలో కథయంతయు చెప్పెడివాడు. కొంత కలిపెడివాడు, కొంత మరచెడివాడు. అయినను వినువారు వానిని ఎరుగుదురు. వీడు ఏడ్పు కథలను మెచ్చును, వీనికి కత్తియుద్ధము లేనిదే రుచింపదు అని తెలిసి, వాని మాటను తూచి పుచ్చుకొనెడివారు. చెప్పినది తప్పైనయెడల మరుసటి వారము వానినే నిలదీసెడివారు. ఆ దినములన్నియు బంగారమని నేననను. కాని మాట వెనుక ఒక మనుష్యుని ముఖముండెను, ఆ ముఖము ఆ చిత్రమును చూచిన ముఖమై యుండెను.

నేడో? అమెరికాలోని తెలుగువారికి ముందు ఆటలు వేయుచున్నారు. అవి ముగియుచుండగనే, మన యూరిలో కోడి కూయు వేళకు, “టాక్” అను పేర ఒక తీర్పు ఫోనులలో దిగుచున్నది. దానిని పంపినవాడెవడో మనమెరుగము. అతడు చూచెనో లేదో, డబ్బు పుచ్చుకొని చెప్పెనో, పగచేత చెప్పెనో మనమెరుగము. అయినను దానిని మరి పదిమందికి పంపి, మనమే చూచినట్లు వాదించుచున్నాము. ఊరు పేరు లేని ఉత్తరము నమ్మి అన్నదమ్ములతో తగవు పెట్టుకొనువానిని బుద్ధిహీనుడందుము గదా! ఇది దానికంటె ఏమి మేలు?

1957లో వచ్చిన మాయాబజార్ చిత్రమునకు పింగళి నాగేంద్రరావుగారు మాటలు వ్రాసిరి. ఘటోత్కచుని కొలువులోని రాక్షసుల నోట ఆయన రెండు మాటలు పెట్టిరి. మనవారు అసమదీయులు, కానివారు తసమదీయులు. ఆ రెండవ మాట నవ్వించుటకై ఆయన పుట్టించినది. రాక్షసులకు తగినదని ఆయన వ్రాసిన ఆ విభజనను నేడు అభిమానులు నిజముగా పాటించుచున్నారు. అసమదీయుని చిత్రమైతే తలుపు తీయకమునుపే ఘనవిజయము. తసమదీయునిదైతే మొదటి పాట రాకమునుపే ఘోరపరాజయము. ఇక తెరమీద ఏమి జరిగినను లెక్కలేదు. కొన్ని చోట్ల ఈ పక్షములు కులముల గీతల వెంబడి సాగుచున్నవి. ఇది అందరు ఎరిగిన సంగతి, ఎవరును పైకి చెప్పని సంగతి. గుడిలో ఒక్క చాపమీద కూర్చుండిన పిల్లలు, గుడి బయటికి వచ్చి, కథానాయకుని పేరుతో మరల ఆ పాత గీతనే గీసికొనుట మనము చూచి ఊరకుండవచ్చునా?

పైగా ఈ పక్షపాతము కథానాయకునికి గూడ మేలు చేయదు. మాయాబజారును జనులు నేటికిని తలచుట ఒక్క నాయకుని వలన కాదు. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు, మార్కస్ బార్ట్‌లే తెరమీద కాయించిన వెన్నెల, దర్శకుడు కె.వి. రెడ్డిగారి ఓర్పు, పింగళివారి మాటలు, ఇవన్నియు చేరి ఆ చిత్రమైనది. ఒక చిత్రము వెనుక వడ్రంగియు, కుట్టుపనివాడును, దీపములు మోయు కూలియు ఉందురు. ఒక్కని మీది ప్రేమచేత దానిని ఆకాశమునకెత్తువాడును, ఒక్కని మీది ద్వేషముచేత దానిని నేలకు కొట్టువాడును ఈ శ్రమ యంతటిని చూడనివారే.

మరియొక చెడుగు గలదు. “ఎట్లుంది?” అని యడిగినవానికి “ఇన్ని కోట్లు వచ్చింది” అని బదులిచ్చుచున్నారు. అన్నము రుచిగా నున్నదా అని యడిగినవానికి వంటవాని ఆస్తి ఎంతో చెప్పినట్లున్నది ఈ జవాబు. ఆ కోట్లలో ఒక్క రూపాయియైనను అభిమాని ఇంటికి రాదు. ఆ లెక్కలను దగ్గరనుండి చూచినవాడు వారిలో ఒక్కడును లేడు. అయినను ఆ అంకెలకొరకు స్నేహితుని తిట్టుదురు, కొట్టుకొనుటకు పోవుదురు.

ఇది మాటలతోనే ముగిసిన బాగుండును. 2024 డిసెంబరు 4వ తేది రాత్రి హైదరాబాదులోని సంధ్య థియేటరునొద్ద, పుష్ప-2 చిత్రపు ముందు ఆటకు జనులు గుమిగూడినప్పుడు త్రొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణము విడిచెను. ఆమె చిన్న కుమారుడు మిక్కిలి గాయపడెను. బాధ్యత ఎవరిదో తేల్చుట న్యాయస్థానముల పని. ఆ కుటుంబమును నిందించు మాట ఒక్కటియు నా కలమునుండి రాదు. కాని ఒక్కటి అడుగుదును. మొదటి రాత్రికి అంత విలువ కట్టినదెవరు? పదవ దినమున నెమ్మదిగా చూచినవాని మాట చద్దిమాటయనియు, అందరికంటె ముందు చూచి ముందు కేకవేసినవాడే ఘనుడనియు నేర్పినదెవరు? ఆ నేర్పుటలో ప్రతి టీ బడ్డీకిని పాలు గలదు.

కొందరిట్లందురు: “టిక్కెట్టు డబ్బు నాది. నా ఇష్టము వచ్చినట్లు చెప్పుదును.” చూచినవాడవైతే చెప్పుము! బాగుండలేదని గట్టిగా చెప్పుటకు నీకు హక్కు గలదు. చిత్రము విడుదలయైన మొదటి మూడు దినములు సమీక్షలు రాకుండ ఆపవలెనని తమిళ నిర్మాతల సంఘమొకటి కోరగా, 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టు అట్టి మధ్యంతర నిషేధము ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. అది మంచిదే. నోరు మూయించుట నా వాదము కాదు. నోటికి హక్కు ఉన్నంతమాత్రమున అబద్ధమునకు హక్కు వచ్చునా అన్నదే నా ప్రశ్న. “ఇది వట్టి వినోదము గదా” అని మరికొందరందురు. వినోదమే యైనయెడల దానికొరకు పగలేల?

ఇంతవరకు చదివి, “యౌవనస్థులకు బాగుగా గడ్డిపెట్టెను” అని తలయూచుచున్న పెద్దలారా, ఇప్పుడు మీ వంతు వచ్చినది. చూడని చిత్రమును పొగడుట అబద్ధ సాక్ష్యమైతే, చూడని చిత్రమును శపించుట ఏమగును? 1955లో ఎల్.వి. ప్రసాదుగారు తీసిన మిస్సమ్మను తలచుకొనుడి. అందులో సావిత్రిగారు మేరీ యను క్రైస్తవ యువతిగా నటించిరి. ఉద్యోగముకొరకు ఆమె ఒక హిందూ యువకుని భార్యగా నటించుటకు ఒప్పుకొనును. ఈ ఒక్క ముక్క విని “అపవిత్రము” అనువాడును, మేరీ అను పేరు విని “మన సినిమా” అనువాడును, ఇద్దరును చూడనివారే. చూచినవాడు ఆమె పంతమును, ఆమె ప్రార్థనను, ఆ నటన వలన ఆమె పడిన చిక్కులను చెప్పగలడు. ఆమె జమీందారుగారి తప్పిపోయిన కుమార్తెయని చివర తేల్చుట నాకు నచ్చలేదని గూడ అతడు చెప్పవచ్చును. అది చూచినవాని వాదము, దానితో మనము వాదింపవచ్చును. చూడనివానితో వాదించుట గాలితో కుస్తీ పట్టుటయే.

మన అసమదీయుల చిత్రమునకు గూడ ఇదే కొలబద్ద. 1978లో వచ్చిన కరుణామయుడు ఎన్నో పల్లెలలో గుడ్డ తెర కట్టి చూపబడెను. విజయచందర్‌గారిని చూచి జనులు కన్నీరు విడిచిరి. అది ప్రభువు కథ గనుక దానిని గూర్చి ఏమియు అనరాదని కొందరి తలంపు. కథ పరిశుద్ధమైనంతమాత్రమున పనివాని పనిని చూడకూడదా? ఏ ఘట్టము హృదయమును తాకినదో, ఏది నాటకము వలె తోచినదో, కొరడా దెబ్బల చోట చిన్నపిల్లలు జడిసిరో లేదో చెప్పినవాడే దానిని నిజముగా గౌరవించినవాడు. కన్నులు మూసికొని పొగడుట గౌరవము కాదు, బద్ధకము.

మంచి మాట ఎంత పని చేయగలదో వినుడి. 1980లో కె. విశ్వనాథ్‌గారి శంకరాభరణము వచ్చినప్పుడు అందులో పేరుమోసిన కథానాయకుడు లేడు. నడివయస్సు దాటిన జె.వి. సోమయాజులుగారు, సంగీతము, ఇంతే. మొదటి దినములలో హాళ్లు పలుచగా నుండెను. చూచినవారు పొరుగువారితో చెప్పిరి, ఆ పొరుగువారు పోయి చూచి మరి యితరులతో చెప్పిరి. నోటిమాటయే దానిని నిలబెట్టెను. ఏ పక్షమును దానికొరకు కేకలు వేయలేదు, చూచినవారి సాక్ష్యము చాలెను.

ఆయనే 1983లో తీసిన సాగర సంగమములో నాట్యమును విమర్శించు పత్రికా రచయిత యున్నాడు. ఒక నర్తకిని అతడు కఠినముగా విమర్శించును. ఆ తగవు వచ్చినప్పుడు, అతడు లేచి ఆ నాట్యమును తానే ఆడి చూపును. త్రాగుడుచేత చెడిన మనుష్యుడే, కాని అతని మాట వెనుక విద్య యున్నది. సినిమా చూచు మనకు అంత విద్య అక్కరలేదు. కన్నులతో చూచినదియు, దానిని ఉన్నదున్నట్లు చెప్పు ధైర్యమును ఉన్న చాలును.

కాబట్టి “వదినా, ఆ బొమ్మకు మా పిల్లలను తీసుకుపోవచ్చా?” అని యడుగు తల్లికి ఏమి చెప్పవలెనో ఆలోచింపుడి. ఆమెకు కోట్ల లెక్క అక్కరలేదు. కథ ఏ తీరుదో, నరుకుట చంపుట ఎంత గలదో, ఆడువారిని ఎట్లు చూపిరో, నవ్వు ఎక్కడ వచ్చినదో, విసుగు ఎక్కడ పుట్టినదో చెప్పుడి. చిత్రమునకు ఇచ్చిన ధ్రువపత్రమును చూడుమని గూడ చెప్పుడి. 2024 నియమముల ప్రకారము యు, ఎ అను గుర్తుల నడుమనున్న యుఎ అను గుర్తు మూడు విధములైనది. 7 ఏండ్లు, 13 ఏండ్లు, 16 ఏండ్లు అని అందు వయస్సు వ్రాయబడును. ఆ వయస్సు లోపలి పిల్లలను తీసికొని పోవలెనా వద్దా అనునది తలిదండ్రులు ఆలోచింపవలెనని దాని భావము. ఇట్టి మాట ఒక్కటి, “అదిరింది” అను కేకలు నూరింటికంటె ఆ తల్లికి మేలు చేయును.

చూచితిరా? చూచినంత చెప్పుడి. నచ్చలేదా? ఎందుకు నచ్చలేదో చెప్పుడి. మీ అభిమాన నాయకునిదే యైనను బాగులేనిదానిని బాగులేదనుడి. ఎదుటి పక్షమువానిదే యైనను బాగుగనున్నదానిని బాగుగనున్నదనుడి. ఇంకను చూడలేదా? “నేను ఇంకా చూడలేదు” అని చెప్పుటకు సిగ్గుపడకుడి. టీ బడ్డీయొద్ద మొదట ఆ మాట అన్నవానిని ఒకనాడు నవ్వుదురేమో. కాని మరుసటి చిత్రము వచ్చినప్పుడు, నిజము తెలిసికొన గోరువాడు వానినే వెదకికొని వచ్చును.